19 ఎం.ఎం. షీట్ల ఆలస్యం గురించి మా ఖాతాదారులకు

మా దగ్గర ఏళ్ల తరబడి సరుకు తీసుకుంటున్న డీలర్లకు, వడ్రంగి మేస్త్రీలకు నమస్కారం. రాజమహేంద్రవరం దగ్గరి మా ఫ్యాక్టరీ నుంచి 19 ఎం.ఎం. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఈ నెల ఎందుకు రాలేదో మీరు దళారుల నోట వినడం నాకు ఇష్టం లేదు.

కోర్ పొరలు, అంటే షీటు లోపల పేర్చే పల్చటి చెక్క పొరలు, సరఫరా చేసే ఆయన, తేమ 8 శాతం లోపేనని బిల్లు మీద రాసిచ్చి, సరిగ్గా ఆరని జామాయిల్ పొరలు పంపారు. కట్ట అంచున మాయిశ్చర్ మీటర్ పెడితే 7 చూపింది. కట్ట విప్పి, లోపలి పొర నడిమిన సూదులు గుచ్చితే 14 దాటింది. ఆ పొరలకు బంక రాసి వేసిన షీట్లు, వాటిని వేడితో నొక్కి అతికించే హాట్ ప్రెస్ తెరవగానే టప్పుమని ఉబ్బాయి. తప్పు మా బంకదేనని ఆయన వాదించారు. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

ఎందుకంటే ప్రెస్‌లో ఉన్న షీటు లోపల వేడి, తేమ, ఆవిరి పీడనం క్షణక్షణానికీ ఎలా మారతాయో లెక్కగట్టే కంప్యూటర్ నమూనాను మేము నిరుడే చేయించి, పొరల మధ్య వేడిని కొలిచే థర్మోకపుల్ తీగ పెట్టి సరిచూసుకున్నాం. ప్రెస్ పలకల వేడికి పై పొరల్లోని తేమ ఆవిరై నడిమికి చేరుతుంది. అక్కడ 120 డిగ్రీలు వచ్చేసరికి ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు రెట్టింపవుతుంది, అది అంచుల గుండా బయటపడకముందే ప్రెస్ తెరిస్తే పూర్తిగా గట్టిపడని బంకను చీల్చేస్తుంది. తడి పొరల అంకెలు వేస్తే నమూనా చూపింది సరిగ్గా ఇదే.

ఉత్పత్తి తగ్గకుండా వేడి పెంచుదామా, లేక ప్రెస్ సమయం పెంచి చివర్లో ఒత్తిడిని మెల్లగా వదులుదామా అన్నదే నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. వేడి పెంచితే బంక పట్టుకునేలోపే ఆవిరి బలపడుతుందని లెక్క తేల్చడంతో, రోజుకు వచ్చే షీట్లు తగ్గినా సరేనని రెండో దారి పట్టాను. మందం రెట్టింపైతే నడిమికి వేడి చేరే సమయం ఇంచుమించు నాలుగింతలవుతుంది కనుక ఆలస్యం మందపు షీట్లకే; 6, 9 ఎం.ఎం. మామూలుగానే వస్తాయి.

ఉబ్బిన చోటు కోసేసి మిగతాది వాటర్‌ప్రూఫ్ కాని కమర్షియల్ గ్రేడ్ కింద అమ్ముకోమని తోటి వ్యాపారులు సలహా ఇచ్చారు. ఆ షీట్లన్నీ బాయిలర్‌లో వేశాం. ధర పెంచడం లేదు. ఆగలేనివారికి అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాం. ఆ సరఫరాదారు రేటు తగ్గిస్తానని కబురు పంపారు గానీ, ఇకపై ఎవరి పొరలైనా కట్ట విప్పి నడిమిన మీటర్ పెట్టాకే లారీ నుంచి దింపుకుంటాం.