అభిమానుల రూల్‌బుక్‌లు: ముందు పట్టిక, ఆ తర్వాతే ముస్తాబు

సంపాదకులకు నమస్కారం.

బోర్డు గేమ్‌ల మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు కొత్తగా అమ్మకానికి వచ్చిన పెట్టెల దగ్గరే ఆగిపోతుంటాయి. కంపెనీ అచ్చు ఆపేసిన ఆటలను ఆడేవాళ్లే ఏళ్ల తరబడి బతికించుకుంటున్న సంగతి వాటిలో అరుదుగా కనిపిస్తుంది. అందులోనూ అభిమానులు రాసిన రూల్‌బుక్‌లను ఒకచోట చేర్చి సర్దడం ఎంత పనో బయటివాళ్లకు తెలియదు. ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లు కూడా తప్పు కొస నుంచి పట్టుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా.

ఉదాహరణకు మోర్డ్‌హైమ్ తీసుకుందాం. ఇంగ్లండ్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ 1999లో తెచ్చిన ఆట ఇది. చిన్న బొమ్మలను టేబుల్ మీద నడిపిస్తూ, దూరాలను అంగుళాల్లో కొలుస్తూ ఆడతారు. తోకచుక్క పడి కూలిపోయిన నగరంలో చిన్న చిన్న దండులు విర్డ్‌స్టోన్ అనే విలువైన రాతి ముక్కల కోసం కొట్టుకుంటాయి. ఎక్కువ దండులు 500 గోల్డ్ క్రౌన్లతో (ఆటలోని డబ్బు) మొదలవుతాయి. మూల పుస్తకంలో విచ్ హంటర్లకు 12 మంది, ఎలుక మనుషులైన స్కావెన్‌కు 20 మంది గరిష్ఠం. ఒక ఆట అయిపోగానే గాయాలు, అనుభవం, రాబడి కాగితం మీద రాసుకొని అదే దండుతో తర్వాతి ఆటకు వెళ్తారు. ఈ ఆట పట్ల మమకారానికి కారణం అదే. రూల్‌బుక్‌లో చిన్న తేడా వచ్చినా దాని ఫలితం ఒక్క సాయంత్రంతో పోకుండా క్యాంపెయిన్ (అదే దండుతో వరసగా సాగే ఆటలు) అంతా వెంటాడటానికి కారణం కూడా అదే.

రూల్స్ చెదిరిపోవడం కంపెనీ రోజుల్లోనే మొదలైంది. మూల పుస్తకం ఒకటి, కంపెనీ పత్రిక టౌన్ క్రయర్‌లో వచ్చిన కొత్త దండులు కొన్ని, ఎంపైర్ ఇన్ ఫ్లేమ్స్ అనుబంధం, 2002 వార్షిక సంచిక, ఆ తర్వాత కంపెనీయే ఉచితంగా ఇచ్చిన సవరించిన పీడీఎఫ్‌లు. ఆ కంపెనీ పాత ఆటల్లో బ్లడ్ బౌల్ 2016లో, నెక్రోముండా 2017లో కొత్త రూపంలో వచ్చాయి. మోర్డ్‌హైమ్‌కు అప్పుడు ఆ వంతు రాలేదు. దాంతో దండులు, సన్నివేశాలు, ఆయుధాలు, సవరణలు అన్నీ అభిమానులే రాసుకుంటూ వచ్చారు. ఒకే దండుకు నాలుగు రూపాలు, ఒకే ఆయుధానికి రెండు ధరలు తిరుగుతుంటాయి. వాటిలో ఏది ముందుదో, ఏది తర్వాతదో ఫైలు చూసి చెప్పలేం.

ఇలాంటి కుప్ప చేతికి రాగానే అందరికీ ఒకటే కోరిక పుడుతుంది: అన్నీ కలిపి అందమైన ఒక్క పుస్తకం చేసేద్దామని. వద్దు. ముందు పట్టిక తయారుచేయాలి. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ఫైలుకు ఒక వరుస. అందులో పేరు, రాసినవాళ్లు, ఫైలు లోపల ఉన్న తేదీ, వెర్షన్ నంబరు, అది ఏ మూల పుస్తకం మీద నిలబడింది, దాన్ని వాడాలంటే ఇంకే ఫైళ్లు ఉండాలి, ఎక్కడ దొరికింది, దాని స్థాయి ఏమిటి అన్నవి ఉండాలి. స్థాయికి నాలుగు మాటలు సరిపోతాయి: అధికారికం, కంపెనీ పత్రికలో ప్రయోగంగా వచ్చినది, అభిమానులు ఆడి చూసినది, అభిమానులు రాసి వదిలేసినది. ఐదో మాట కలపాలనిపిస్తుంది, కలపొద్దు. స్థాయిలు పెరిగేకొద్దీ ఏ ఫైలు ఎందులోకి వస్తుందన్న వాదనే మిగులుతుంది, పని సాగదు.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త. కంప్యూటర్ చూపించే తేదీని నమ్మకూడదు. అది చాలాసార్లు ఎవరో డౌన్‌లోడ్ చేసుకున్న రోజే. పుస్తకం లోపల రాసినది, లేకపోతే పీడీఎఫ్ లక్షణాల్లో ఉన్న తయారీ తేదీ చూడాలి. అదీ లేకపోతే ఆ గడి ఖాళీగా ఉంచాలి. ఊహించి నింపిన తేదీ ఖాళీ గడి కన్నా చెడ్డది, ఎందుకంటే తర్వాత వచ్చినవాళ్లు దాన్ని నిజమనుకొని దాని మీదే వరుస పేరుస్తారు.

ఎక్కువమంది వదిలేసే గడి ‘ఇంకే ఫైళ్లు ఉండాలి’ అన్నది. నిజానికి పట్టికకు ప్రాణం అదే. అభిమాని రాసిన ఒక దండు జాబితాలో నాయకుడికి ఫలానా నైపుణ్యం ఉందని ఉంటుంది. ఆ నైపుణ్యం వివరణ మాత్రం వేరెవరో రాసిన మరో అనుబంధంలో ఉంటుంది. ఆ అనుబంధం దొరకకపోతే ఈ జాబితా సగం కాగితమే. పట్టికలో ఆ లంకె రాసి ఉంటే ఏ ఫైలు పోతే ఎన్ని పనికిరాకుండా పోతాయో వెంటనే తెలుస్తుంది. వెతకాల్సినది ముందు దాన్నే.

దొరికిన మూల ఫైలును ఎవరూ ముట్టుకోకూడదు. దానికి వేరే ఫోల్డరు పెట్టి, రాయడానికి వీల్లేకుండా తాళం వేసి, షా-256 లాంటి గుర్తు సంఖ్య తీసి పట్టికలో రాసుకోవాలి. పేరు వేరైనా లోపల ఒకటే అయిన ఫైళ్లు ఆ సంఖ్యతో బయటపడతాయి. మన దగ్గర ఉన్నది చెడిపోయిందా అన్నదీ తెలుస్తుంది. దిద్దుబాట్లన్నీ నకలు మీదే.

పాత స్కాన్ల నుంచి అక్షరాలు తీసేటప్పుడు జరిగే తప్పులు చూడటానికి చిన్నవి, ఆటలో పెద్దవి. స్కాన్‌లోని అక్షరాలను చదివే ఓసీఆర్ ప్రోగ్రాం ఇంగ్లిష్ ‘డి’ అక్షరాన్ని సున్నా అనుకుంటుంది, దాంతో డి6 (ఆరు ముఖాల పాచిక) కాస్తా 06 అవుతుంది, తీవ్ర గాయాల పట్టికలోని డి66 (రెండు పాచికలను పదులు, ఒకట్లుగా చదవడం) కాస్తా 066 అవుతుంది. ఒకటి అంకె ‘ఎల్’ అక్షరంగా మారుతుంది. అంగుళం గుర్తు ఎగిరిపోతుంది, 4+ (పాచిక మీద 4 లేదా అంతకు మించి) లోని ప్లస్ రాలిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం లక్షణాల పట్టికలో. కదలిక, పోరు నేర్పు, గురి, బలం, దృఢత్వం, గాయాలు, చురుకు, దాడులు, నాయకత్వం అని తొమ్మిది గడులుంటాయి. మధ్యలో ఒక అంకె రాలిపోతే మిగతావన్నీ ఒక గడి ఎడమకు జరుగుతాయి. చూపుకు పట్టిక నిండుగానే కనిపిస్తుంది, కానీ బలం వచ్చి గురి గడిలో కూర్చుంటుంది. అందుకే అంకెలను ఒకరు పైకి చదువుతుంటే మరొకరు మూలంలో చూసి సరిపోల్చాలి. అంకెల విషయంలో స్పెల్లింగ్ చెకర్ దేనికీ పనికిరాదు.

ఇక అసలు గొడవంతా సవరణలది. రూల్స్ చేర్చేవాళ్లు తమకు నచ్చిన సవరణలను మూల పాఠంలోకి నిశ్శబ్దంగా కలిపేయడమే ఈ రంగంలో జరిగే అతి పెద్ద నష్టమని మా గట్టి అభిప్రాయం. మోర్డ్‌హైమ్ ఆడేవాళ్లందరూ ఒప్పుకొనే లోపాలు రెండున్నాయి. ఒకటి వడిసెల. ధర 2 క్రౌన్లే, 18 అంగుళాలు వెళ్తుంది, బలం 3. కదలకుండా నిలబడితే 9 అంగుళాల లోపు రెండుసార్లు విసరొచ్చు. 10 క్రౌన్లు పెట్టి విల్లు కొన్నవాడు 24 అంగుళాల దూరానికి ఒక్క బాణమే వేస్తాడు. స్కావెన్ దండు చేతికి వడిసెలలు వస్తే ఎదుటివాళ్లు ఇంటి చాటు నుంచి బయటకు రాలేరు. రెండోది కవచం. 20 క్రౌన్ల తేలిక కవచం పాచిక మీద 6 పడితేనే కాపాడుతుంది. కొట్టేవాడి బలం 4 అయితే ఒకటి తగ్గుతుంది కాబట్టి అదీ లేదు. అదే 3 క్రౌన్లు పెట్టి గద కొని, ఉచితంగా వచ్చే బాకు రెండో చేత్తో పడితే ఒక దాడి అదనంగా వస్తుంది. ఇంత తేడా ఉన్నప్పుడు కవచం ఎవరు కొంటారు?

దీన్ని సరిచేయడానికి రకరకాల దారులున్నాయి. వడిసెలకు రెండో దెబ్బ తీసేయడం, రెండో చేతి ఆయుధం దెబ్బ తగిలిందో లేదో చూసే పాచికలో ఒకటి తగ్గించడం, కవచం ధర సగం చేయడం. విడివిడిగా చూస్తే ప్రతిదీ న్యాయంగానే ఉంటుంది. మూడూ ఒకేసారి అమలు చేస్తే లాభం మరుగుజ్జుల దండుకు పోతుంది. వాళ్ల దృఢత్వం మామూలుగానే 4. భారీ కవచంతో డాలు పట్టిన మిగతావాళ్లకు కదలిక ఒక అంగుళం తగ్గుతుంది, మరుగుజ్జులకు తగ్గదు. వాళ్లకు కవచం చవకైతే క్యాంపెయిన్‌లో నాలుగో ఆట నాటికి వాళ్లను పడగొట్టడం కష్టమైపోతుంది. అందుకని ఒక్కో సవరణకు ఒక్కో కాగితం ఉండాలి. దాని మీద నంబరు, పాత వాక్యం, కొత్త వాక్యం, కారణం, ఏ దండు మీద ప్రభావం పడుతుంది అన్నవి రాయాలి. ఒకసారి ఒకదాన్నే మార్చి, వరసగా ఐదారు ఆటల క్యాంపెయిన్ ఆడి చూడాలి. విడి ఆటలతో చూస్తే సరిపోదు, రాబడి, అనుభవం పోగుపడ్డాకే లోపం బయటికొస్తుంది. మూల పాఠం మాత్రం మూల పాఠంగానే ఉండాలి.

కొత్త దండు రాసేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. విర్డ్‌స్టోన్ అమ్మితే వచ్చే డబ్బు దండులో ఎంతమంది ఉన్నారనే దాన్ని బట్టి మారుతుంది. జనం ఎక్కువైతే తిండికి ఎక్కువ పోతుంది కాబట్టి మిగిలేది తక్కువ. ఆ పట్టికలో చివరి నిలువు వరుస ‘16, అంతకు మించి’ అన్నది. 24 మంది ఉండే చవక దండును రాస్తే, వాళ్లు కూడా 16 మంది ఉన్నవాళ్లతో సమానంగానే తీసుకుంటారు. పైన ఎనిమిది మందికి ఖర్చే లేనట్టు. గరిష్ఠ సంఖ్య 20 దాటిన అభిమాని జాబితా కనబడితే ముందుగా అనుమానించాల్సింది ఇక్కడే.

రూల్స్‌కు పేజీ నంబర్లతో లంకెలు ఇవ్వొద్దు. ‘47వ పేజీ చూడండి’ అన్న మాట ఫాంట్ సైజు మారిన రోజే అబద్ధమవుతుంది. అధ్యాయం, పేరా నంబర్లు ఇచ్చి (3.4.2 లాగా) వాటితోనే పిలవాలి. పేరాను తీసేసినా ఆ నంబరును మరోదానికి ఇవ్వకూడదు. ‘తొలగించబడింది’ అని రాసి అక్కడే ఉంచాలి. పాఠాన్ని సాదా టెక్స్ట్ ఫైలుగా ఉంచి, పీడీఎఫ్‌ను దాని నుంచి తయారుచేసుకుంటే రెండు వెర్షన్ల మధ్య ఏ వాక్యం మారిందో కంప్యూటరే చూపిస్తుంది.

ముద్రణ గురించి రెండు ముక్కలు. అమెరికా లెటర్ కాగితం 216 × 279 మిల్లీమీటర్లు, మన ఏ4 210 × 297. అక్కడ తయారైన పుస్తకాన్ని ఇక్కడి జిరాక్స్ షాపులో ‘ఫిట్ టు పేజ్’ పెట్టి తీస్తే అంచులు తెగవు కానీ కత్తిరించి వాడే టెంప్లేట్లు (కొలత అచ్చులు) చిన్నవైపోతాయి. కొలతలున్న పేజీలను మాత్రం నూరు శాతం సైజులోనే తీయించాలి. ప్రతి టెంప్లేట్ పక్కన ఒక అంగుళం గీత ముద్రిస్తే స్కేలు పెట్టి చూసుకోవచ్చు. మధ్యలో పిన్ను కొట్టే బుక్‌లెట్ అయితే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. టేబుల్ మీద పరచుకొని చూసే పుస్తకానికి మాత్రం స్పైరల్ బైండింగే మేలు.

హక్కుల విషయం తేలిగ్గా తీసుకోకూడదు. ఆట ఆడే పద్ధతి మీద కాపీరైట్ ఉండదు, కానీ దాన్ని వివరించిన వాక్యాల మీద, బొమ్మల మీద ఉంటుంది. మన 1957 చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా ఆ రక్షణ ఉంటుంది, అంటే 1999 నాటి పుస్తకం పాతదైపోయిందని సంబరపడటానికి లేదు. కంపెనీ చిత్రాలు, లోగో వాడొద్దు. డబ్బు తీసుకోవద్దు, ముద్రణ ఖర్చు పేరుతో కూడా. అభిమాని రాసిన సొంత మాటల మీద హక్కు ఆ అభిమానిదే, రిజిస్టర్ చేయించకపోయినా సరే. ఆచూకీ ఉంటే అడగాలి. లేకపోతే పేరు అలాగే ఉంచి, పట్టికలో ‘అనుమతి అందలేదు’ అని రాసి, తీసేయమంటే వెంటనే తీసేయాలి. పేరు చెరిపేసి కలిపేయడం దొంగతనం కిందికే వస్తుంది.

మన పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు అన్నంతవరకే చాలామంది ఒప్పుకుంటారు, ఆ తర్వాత ఏ అరుగు మీద ఎవరు కూర్చుంటే వాళ్ల మాటే రూలు. ఆ ఆటలకు కూడా ఇదే పట్టిక పద్ధతి అక్షరాలా పనికొస్తుంది: ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఏ తేదీన రాసుకున్న రూలు అన్నది ఒక్కో వరుస. మీ జిల్లా పేజీల్లో పాఠకులను ఆ వివరాలు పంపమని అడిగితే సంతోషిస్తాం.

చివరిగా, ఇలాంటి సంకలనాలు ఎక్కువగా ఆగిపోయేది తప్పుల వల్ల కాదు, ఒకే మనిషి దగ్గర పాస్‌వర్డ్ ఉండి ఆ మనిషికి ఉద్యోగమో సంసారమో అడ్డం రావడం వల్ల. మొదటి రోజే ఇద్దరికి పూర్తి అధికారం ఇవ్వాలి. పట్టిక, మూల ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి, వాటిలో ఒకటి నెట్‌కు తగిలించని హార్డ్‌డిస్క్. ఆర్నెల్లకోసారి ఆ డిస్క్ తెరిచి, గుర్తు సంఖ్యలు పట్టికతో సరిపోతున్నాయో లేదో చూడాలి.

ఇట్లు,
కొందరు టేబుల్‌టాప్ ఆటగాళ్లు,
హైదరాబాద్