ఈ ఆదివారం సిటీ బొమ్మలు

అందరికీ నమస్కారం. బొమ్మలు చూసి, తర్వాత మనమూ గీయడానికి ఆదివారం ఉదయం పదిన్నరకు బెంగళూరు ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు మాన్షన్ గేటు దగ్గర కలుద్దాం. 2009 నుంచి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ అక్కడే ఉంది. సోమవారం సెలవు, కాబట్టి మర్నాటికి మార్చమని అడగకండి.

ఈసారి అంశం నగరం. వచ్చే ముందు ఫోన్లో ఒక్క బొమ్మ చూసి రండి: డచ్ చిత్రకారుడు మాండ్రియన్ 1942-43లో వేసిన ‘బ్రాడ్‌వే బూగీ వూగీ’. యుద్ధం రోజుల్లో న్యూయార్క్ చేరిన ఆ పెద్దాయన, ఎన్నో ఏళ్లు తన బొమ్మల్ని పట్టి ఉంచిన నల్లగీతల్ని ఇందులో పూర్తిగా వదిలేశాడు. వీధుల్లా అన్నీ పసుపు పట్టీలే, వాటి మీద ఎరుపు, నీలం, బూడిదరంగు చిన్న చదరాలు. కాసేపు చూస్తే కళ్లు ఒకచోట నిలవవు, రాత్రిపూట సిల్క్‌బోర్డ్ ఫ్లైఓవర్ మీంచి కిందికి చూసినట్టే. (అక్కడ బండ్లు నిలుస్తాయి, అది వేరే సంగతి.)

మనుషుల్లేని నగరం నచ్చనివాళ్లు సుధీర్ పట్వర్ధన్ బొమ్మలు వెతకండి. ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేస్తూనే లోకల్ రైళ్లనూ, కూలీలనూ, ఇరుకు వీధులనూ వేసిన డాక్టరు. నా ఓటు ఆయనకే.

తర్వాత రసెల్ మార్కెట్‌కి వెళ్లి గీద్దాం. భవనం అందం వద్దు. తోపుడుబండి, వేలాడే వైర్లు, సగం చిరిగిన ఫ్లెక్సీ, ఏది కనబడితే అది. ఎవరినైనా దగ్గర్నుంచి గీసేటట్టయితే ముందు ఒక మాట అడగండి. పెన్ను, చిన్న పుస్తకం చాలు, రంగుల పెట్టెలు మోసుకురాకండి, కూర్చోడానికి చోటుండదు.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా చెప్పండి, టిఫిన్ ఎక్కడో అప్పుడు తేల్చుకుందాం.