మేనరికాలు చేసుకునే మా జిల్లాలో ఈ ఒక్క రక్తపరీక్ష పెట్టించండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది తిరుపతి పక్కన చంద్రగిరి. మా అమ్మాయిని మా చెల్లెలి కొడుక్కే ఇచ్చాం. మా వైపు మేనరికం కొత్తేమీ కాదు. పిల్ల కళ్లముందే ఉంటుందని సంతోషపడ్డాం. ఇప్పుడు నా మనవడికి నాలుగేళ్లు. వాడికి తలసీమియా. అంటే ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారుకాని పుట్టు జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, దాన్ని తగ్గించడానికి రోజూ మందు వేయాలి.

మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 9 ఉంది. ఐరన్ మాత్రలిచ్చి పంపారు. ఎన్ని మింగినా పెరగలేదు. ఎర్ర రక్తకణాలు చిన్నవిగా ఉన్నాయని ఆ రిపోర్టులోనే ఉంది సార్. అది తలసీమియా జన్యువుకు గుర్తు కావచ్చు, అయినా ఎవరూ పట్టించుకోలేదు.

మనవడికి జబ్బు బయటపడ్డాకే అందరికీ హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేశారు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను రకాలుగా విడదీసి, ఏది ఎంతుందో కొలిచే పరీక్ష అది. ఏ2 అనే రకం మామూలుగా 2 నుంచి 3 శాతం ఉంటుంది. మా అమ్మాయికి 5.2, అల్లుడికి 4.9. నాకూ ఎక్కువే. అరవై ఏళ్లు ఏ జబ్బూ లేకుండా తిరిగిన నా ఒంట్లోనే ఈ జబ్బు తెచ్చే జన్యువు బయటపడకుండా దాగి ఉంది. ఒకరిలోనే ఉంటే ఏమీ కాదు. భార్యాభర్తలిద్దరిలో ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి బంధువుల్లో ఇద్దరికీ అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

సైప్రస్‌లో 1970ల్లో ఇలాంటి పరీక్షలు మొదలుపెట్టాక తలసీమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మన దేశంలోనూ 2023 నుంచి సికిల్‌సెల్ అనే మరో వంశపారంపర్య రక్తజబ్బు కోసం పెట్టిన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు జరుగుతున్నాయి. తలసీమియాకూ అలాగే చేయించండి. గర్భిణి పీహెచ్‌సీకి మొదటిసారి వచ్చిన రోజే ఈ పరీక్షకు కూడా రక్తం తీయాలి. ఆమెకు ఏ2 ఎక్కువుంటే అదే వారంలో భర్తకూ చేయాలి. మూడో నెలలోపే తెలిస్తే కడుపులోని బిడ్డకు సకాలంలో పరీక్ష చేయించే వీలుంటుంది, ఆలస్యమైతే ఏం లాభం? మా పక్కనే తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులున్నాయి. మండలాల నుంచి శాంపిల్స్ అక్కడికి తెప్పిస్తే చాలు.

కాలేజీల్లోనూ పెట్టండి, కానీ రిపోర్టు ఆ పిల్లల చేతికే ఇవ్వాలి. జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదని ముందే చెప్పాలి. లేకపోతే ఆడపిల్లల సంబంధాలు చెడగొడతారు.

మా అమ్మాయి ఇప్పుడు రెండో బిడ్డ కావాలంటే భయపడుతోంది. ఈసారి ముందే పరీక్ష చేయిస్తామని నేను ధైర్యం చెబుతున్నాను. మొదటిసారే ఆ మాట చెప్పేవాళ్లు మాకు లేకపోయారు.

ఇట్లు,
చంద్రగిరి నుంచి ఒక తాత