మందు డబ్బా మూత తీయకు

ప్రియమైన మిత్రమా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. పచ్చిక మీద గుండ్రటి మచ్చలు సరే, పక్కన ఆ మందు డబ్బా ఎందుకురా? మచ్చ ఏమిటో తెలియకుండా చల్లితే బూడిదలో పోసిన పన్నీరే.

నీది చల్లదనాన్ని ఇష్టపడే రైగ్రాస్ గడ్డి కాబట్టి అనుమానం రెండు శిలీంద్ర తెగుళ్ల మీద. రేపు తెల్లవారగానే, మంచు ఆరకముందే వెళ్లి మోకాళ్ల మీద కూర్చో. మచ్చ అరచేతిలో ఇమిడేంతే ఉండి, ఆకుకు అడ్డంగా ఎండుగడ్డి రంగు పట్టీ, దానికి గోధుమరంగు అంచు కనిపిస్తే అది డాలర్ స్పాట్. ఆకలిగా ఉన్న గడ్డినే ఎక్కువగా పట్టుకుంటుంది. కొద్దిగా నత్రజని అందితే చాలావరకు తేరుకుంటుంది. అలా కాక మచ్చ జానెడు దాటి రెండు మూడు అడుగులకు పాకుతూ, రాత్రిపూట కూడా 20 డిగ్రీలకు తగ్గని ఉక్కలో వచ్చిందా, అది బ్రౌన్ ప్యాచ్. దానికి నత్రజనే మేత.

నేను బోల్తా పడింది అక్కడే. రంగు పాలిపోతే ఆకలి అనుకుని నడివేసవిలో దోసిళ్లతో యూరియా చల్లాను. వారం తిరిగేసరికి మచ్చలన్నీ కలిసిపోయాయి! సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. అదృష్టం ఏమిటంటే బ్రౌన్ ప్యాచ్ ఎక్కువగా ఆకునే తింటుంది, మొదలు బతుకుతుంది. రాత్రులు చల్లబడ్డాక మళ్లీ చిగురించింది.

ఆ తర్వాత సాయంత్రం నీళ్లు పెట్టడం మానేశాను. రాత్రంతా ఆకు తడిగా ఉంటే శిలీంద్రానికి పండగ. తెల్లవారుజామున పెట్టు, ఎండ రాగానే ఆరిపోతుంది. రోజూ చిలకరించకు, వారానికి అంగుళం నీరు రెండు విడతల్లో చాలు. మంచు మరీ ఎక్కువైతే రబ్బరు పైపును చెరో కొస పట్టుకుని గడ్డి మీదుగా ఈడ్చండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. గోల్ఫ్ మైదానాల్లోనూ చేసే పనే అది.

కోతలో ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకు, బ్లేడు పదును చూసుకో. తడి గడ్డి మీద యంత్రం అసలు నడపకు. దూదిలాంటి బూజుతో వచ్చే పిథియం అనే తెగులు ఉంటే చక్రాలే దాన్ని మూలమూలకూ మోసుకెళ్తాయి.

ఎరువు సంగతి శరదృతువులో చూద్దాం. రైగ్రాస్‌కు అదే అసలైన భోజనవేళ.

ఇంకో ఫోటో కావాలి. మచ్చ నడిమిది వద్దు, అంతా చచ్చిపోయి ఏమీ తెలియదు. అంచున సగం పచ్చగా ఉన్న ఆకు ఒకటి తెంపి, తెల్లకాగితం మీద పెట్టి తీసి పంపు.

నీ
మిత్రుడు