కంప్యూటర్ పెట్టె మీద గడువు తేదీ ఎందుకు వేయరు?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం పేజీలో ఇంటికి ఏ కంప్యూటర్ కొనాలో చెబుతూ అరపేజీ వ్యాసం వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో మాట తూలుతుందేమోనని ఆగాను. కానీ ఆ తర్వాత తెలిసినవాళ్లు ఇద్దరు అదే కాగితం పట్టుకొచ్చి సలహా అడిగారు. ఇద్దరికీ మొదటి నుంచీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఇక రాయక తప్పలేదు.

డబ్బుంటే మ్యాక్, లేకపోతే విండోస్, ఇంటర్నెట్ చూసుకోవడానికైతే గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే క్రోమ్‌బుక్. వ్యాసంలో ఉన్నది ఇంతే. విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లైనక్స్ పేరు లేదు. ల్యాప్‌టాప్ కాకుండా డెస్క్‌టాప్ కూడా కొనుక్కోవచ్చన్న మాట లేదు. కొన్న యంత్రం ఎన్నేళ్లు పనికొస్తుందన్న ప్రశ్న అసలే లేదు. ఇంట్లోకి కొనేవాళ్లు ఆఫీసుల్లాగా మూడేళ్లకోసారి మార్చరండీ, పాడయ్యేదాకా వాడతారు. వాళ్లకి ముందుగా తెలియాల్సింది అదే.

మా సంగతే చెబుతాను. మా ఇంట్లో 2016లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. అందులో పనంతా నడిపే చిప్, అంటే ప్రాసెసర్, ఇంటెల్ కంపెనీ ఆరో తరానిది. మధ్యలో పాత హార్డ్ డిస్క్ తీసేసి దానికంటే ఎంతో వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టించాం, 4 జీబీ మెమరీకి ఇంకో 8 జీబీ చేర్పించాం. ఇప్పటికీ స్విచ్ వేస్తే నిమిషంలోపు సిద్ధం. ఒక్క రోజు మొరాయించలేదు. అలాంటి దానికి విండోస్ 11 ఎక్కదట! 2021 అక్టోబరులో వచ్చిన ఆ విండోస్‌కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ అయితే, ఏవో కొన్ని తప్ప, ఎనిమిదో తరం నుంచి పైవాటినే ఒప్పుకుంటారు. ఆ ఎనిమిదో తరం మొదలైందే 2017లో. ఇటు చూస్తే విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవాళ్లకి ఇంకో ఏడాది పొడిగించారు, అంతే.

భద్రత వద్దని నేననను. డిస్కులోని సమాచారానికి వేసే తాళం చెవిని విడిగా దాచిపెట్టడానికి టీపీఎం పనికొస్తుంది, మంచిదే. కానీ కొన్న రోజున ఈ మాట మాకు ఎవరు చెప్పారు? మందు సీసా మీద గడువు తేదీ ఉంటుంది. బిస్కెట్ ప్యాకెట్ మీద ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి వాడుకునే కంప్యూటర్ పెట్టె మీద మాత్రం ఉండదు.

క్రోమ్‌బుక్‌లకి కనీసం తేదీ ఉంది. ఏ మోడల్‌కి అప్‌డేట్లు ఎప్పుడు ఆగుతాయో గూగుల్ ముందే ప్రకటిస్తుంది. 2021 నుంచి వచ్చిన మోడళ్లకి పదేళ్లు ఇస్తామంది. అయితే ఆ పదేళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం యంత్రం మొదట విడుదలైనప్పటి నుంచి. నాలుగేళ్లు గోడౌన్‌లో మూలిగినదాన్ని తగ్గింపులో కొంటే మనకి దక్కేది ఆరేళ్లే. మీ వ్యాసం దాన్ని చవక అని మెచ్చుకుని వదిలేసింది.

మ్యాక్ గొప్పదే, కాదనను. కానీ దానికి ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అమ్మేటప్పుడు ఆపిల్ చెప్పదు. 2020 నవంబరులో సొంత ఎం1 చిప్‌తో మ్యాక్‌లు తెచ్చారు. ఆ తర్వాత కూడా ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్ మినీని 2023 జనవరి దాకా అమ్మారు. మ్యాక్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ మ్యాక్‌ఓఎస్‌లో 2025లో వచ్చిన టాహో వెర్షనే ఇంటెల్ మ్యాక్‌లకి చివరిదని ఇప్పుడు తేల్చేశారు. చివర్లో కొన్నవాళ్లు ఏమనుకోవాలి?

మెమరీ సంగతి ఇంకా ఘోరం. మా చెల్లెలు సన్నగా, ముచ్చటగా ఉందని 4 జీబీ ల్యాప్‌టాప్ కొనుక్కుంది. ఏడాది తిరక్కుండానే నత్తనడక. మెమరీ పెంచమని తీసుకెళ్తే రిపేరు చేసే అబ్బాయి వెనక మూత విప్పి చూపించాడు. 'స్లాట్ లేదమ్మా, బోర్డుకే అతికించేశారు' అన్నాడు. విండోస్ 11కి కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ స్టోరేజీ ఉండాలని రాస్తారు. ఆ కనీసంతో అది ఆన్ అవుతుంది, పని మాత్రం జరగదు. మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో స్టోరేజీ ఎస్‌ఎస్‌డీ కూడా కాదు, ఈఎంఎంసీ అనే చవక, నెమ్మది రకం. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చోటు లేదంటుంది. ఉన్న ఫొటోలు తీసేసుకుంటూ కూర్చుంటుంది మా చెల్లెలు, పాపం. ఎస్‌ఎస్‌డీకీ ఈఎంఎంసీకీ తేడా చెప్పే ఒక్క వాక్యం మీ వ్యాసంలో ఉన్నా ఆమెలాంటి వాళ్లు ఎంతమందో బయటపడేవాళ్లు. ఒకప్పుడు కంప్యూటర్‌తో పాటు పుస్తకం ఇచ్చేవాళ్లు, ఏ స్లాట్‌లో ఏమి పెట్టొచ్చో బొమ్మలతో సహా ఉండేది. ఇప్పుడు నాలుగు మడతల కాగితం ఇస్తున్నారు. అందులో ఛార్జర్ ఎక్కడ గుచ్చాలో తప్ప ఏమీ ఉండదు.

అధికారులైనా పట్టించుకుంటున్నారా అంటే అదీ లేదు. విండోస్ 10 గడువు అయ్యాక మా డెస్క్‌టాప్‌లో లైనక్స్ మింట్ వేసుకున్నాం. మొదటి రెండు రోజులు టెన్షన్ పడ్డాం, తర్వాత అలవాటైపోయింది. ఉత్తరాలు, బ్యాంకు పనులు, వీడియోలు, ప్రింటర్, అన్నీ నడుస్తున్నాయి. ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్ల అప్‌డేట్లు, పైసా ఖర్చు లేదు. కానీ ఒక ప్రభుత్వ పోర్టల్‌లో ఫారం పంపబోతే డిజిటల్ సంతకం సాఫ్ట్‌వేర్ విండోస్‌కి తప్ప లేదన్నారు. ఫోన్ చేసి అడిగితే 'వేరే కంప్యూటర్‌లో చేసుకోండి' అని పెట్టేశారు. పిల్లల పరీక్షల సాఫ్ట్‌వేర్‌దీ ఇదే కథ. మనం ఏది కొనుక్కోవాలో వీళ్లే నిర్ణయించేస్తుంటే ఎంపిక ఎక్కడుంది? అందరి పన్నులతో కట్టిన పోర్టల్ అందరి యంత్రాల్లోనూ తెరుచుకోవాలి కదా!

చేయాలనుకుంటే చేయొచ్చు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌ల మీద మరమ్మతు ఎంత తేలికో పదికి ఇన్ని అని మార్కులు వేసి చూపిస్తున్నారు. బ్రిటన్‌లో ఇంటర్నెట్‌కి తగిలించే వస్తువులకి భద్రతా అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో చెప్పి తీరాలని 2024 ఏప్రిల్ నుంచి చట్టం అమల్లోకి తెచ్చారు. కానీ అందులోంచి డెస్క్‌టాప్‌లనీ ల్యాప్‌టాప్‌లనీ మినహాయించారు! అది చదివి నాకు నోట మాట రాలేదు.

మీ పత్రికని నేను చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను, మీరు చెబితే వినేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వ్యాసంలో మూడు ల్యాప్‌టాప్‌ల ఫొటోలు వేశారు. ఒక్కోదానికి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి, మెమరీ పెంచుకునే వీలుందా, స్టోరేజీ ఏ రకం, బ్యాటరీ మార్చుకోవచ్చా అని కనుక్కుని మళ్లీ వేయండి. అరపేజీ అక్కర్లేదు, చిన్న పట్టిక చాలు. ఏ కంపెనీ అయినా జవాబు చెప్పకపోతే ఆ గడిలో 'చెప్పలేదు' అని అచ్చు వేయండి.

– ఒక పాఠకురాలు