ఏ గోడ ఎప్పటిదో చెప్పే పటం కావాలి

సంపాదకులకు,

సెలవులు దగ్గరపడితే చాలు, చూసి తీరాల్సిన కోటలు, రాజభవనాల జాబితాలు పత్రికల్లో వరుసకడతాయి. వాటిలో ‘భిన్న వాస్తుశైలుల మేళవింపు’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. తీరా వెళ్తే ఆ మేళవింపు ఎక్కడుందో చూపించేవాళ్లే ఉండరు. సింహాసనం, కత్తులు, పల్లకీ చూపించి బయటికి పంపేస్తారు. అక్కడున్న వాటన్నిటిలోకీ పెద్ద వస్తువు ఆ కట్టడమే. దాని గురించి చెప్పే పలక ఒక్కటీ కనిపించదు.

ఇలాంటి కట్టడాలు చాలావరకు ఒక్క రాజు ఒక్క ఊపులో కట్టించినవి కావు. ఫ్రాన్స్‌లోని వర్సాయ్‌లో రాజు పదమూడో లూయీ వేట విడిదిని కొడుకు పద్నాలుగో లూయీ పడగొట్టించలేదు, మూడు వైపులా రాతి భవనంతో చుట్టేయించాడు. అందుకే చలువరాతి ముంగిట్లో నిలబడితే ఎర్ర ఇటుక, తోట వైపు వెళ్తే లేత రంగు రాయి కనిపిస్తాయి. స్పెయిన్‌లోని గ్రెనడాలో ఉన్న అల్‌హంబ్రా కోటలో నస్రీ వంశపు సుల్తానుల మందిరాల పక్కనే, 1527లో మొదలైన ఐదో చార్లెస్ భవనం ఉంది. అది బయట చతురస్రం, లోపల గుండ్రటి ప్రాంగణం. హంపీ లోటస్ మహల్‌లో కింద రేకుల కమానులు, పైన గుడి శిఖరాన్ని తలపించే కప్పు. ఇవన్నీ చూడగానే అందంగానే ఉంటాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిస్తేనే అర్థమవుతాయి.

శైలిని బట్టి వయసు ఊహించుకోవచ్చుగా అంటారేమో, కుదరదు. జర్మనీలోని నోయిష్వాన్‌స్టైన్ చూడటానికి మధ్యయుగపు కోట. పని మొదలైంది మాత్రం 1869లో. గోడలు ఇటుకవి, పైన కనిపించే రాయి తొడుగు మాత్రమే. సింహాసన మందిరాన్ని మోసేది ఉక్కు చట్రం. మైసూరు రాజభవనాన్ని తరతరాల పాతదనుకునేవాళ్లు ఎంతమందో. పాత చెక్క భవనం 1897లో కాలిపోయాక వాస్తుశిల్పి హెన్రీ ఇర్విన్ నమూనాతో కట్టిన భవనమది, 1912లో పూర్తయింది. కల్యాణ మండపంలోని స్తంభాలు పోత ఇనుపవి. చేత్తో తట్టి చూసే వీలు లేదు కాబట్టి ఎవరో ఒకరు చెప్పాలి.

మేం అడుగుతున్నది ఒక్కటే: ప్రతి కోటలో, ప్రతి రాజభవనంలో కట్టడ కాలక్రమం చూపే పటం. నేల నక్షా మీద ఒక్కో దశకు ఒక్కో రంగు వెయ్యాలి. ఐదారు దశలకు మించితే ఎవరూ చదవరు, దగ్గరి దశలను కలిపేయాలి. కాలం తేలని భాగాలకు బూడిద రంగు వేసి అలాగే రాయాలి. తేలనిదాన్ని తేలినట్టు చూపిస్తే ఆ తప్పు గైడ్ల నోళ్లలో పడి వందేళ్లు బతుకుతుంది. రంగుతో పాటు గీతలో, చుక్కలో కూడా వేరుగా ఉండాలి. అచ్చు పలకల మీద ఎండకు ఎరుపు, పసుపు ముందు వెలిసిపోయి చివరికి నీలమే మిగులుతుంది. రంగులు పోల్చుకోలేని సందర్శకులూ ఉంటారు.

పటం టికెట్ కౌంటరు దగ్గర పెడితే వృథా, అక్కడ అందరికీ తొందరే. కట్టడం మొత్తం కళ్లెదుట కనిపించే మొదటి ముంగిట్లో, నీడ పట్టున, నడుమెత్తున ఏటవాలుగా ఉండాలి. పిల్లలకూ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకూ అందుతుంది. వన్‌వే దారి పెట్టిన చోట వెనక్కి వచ్చి పోల్చుకునే వీలుండదు కాబట్టి ముందే చూపించడం మరీ అవసరం. గోడకు మేకు మాత్రం కొట్టొద్దు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది.

పటం చేతికొచ్చాక చూడాల్సింది అతుకుల దగ్గర. ఒకేసారి లేపిన గోడలో ఇటుకలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటాయి. పాత గోడకు కొత్తది చేరిస్తే ఆ అల్లిక తెగి, కింది నుంచి పైదాకా నిలువుగా ఒక గీత పడుతుంది. గోడ మధ్యలో వరుసగా చదరపు గూళ్లు కనబడితే, అక్కడ ఒకప్పుడు దూలాలు దిగి ఒక అంతస్తు ఉండేదన్నమాట. పూడ్చేసిన కమానులు, ఒక గది నుంచి పక్క గదిలోకి ఉన్నట్టుండి దిగే రెండు మూడు మెట్లు కూడా ఇలాంటి ఆనవాళ్లే.

ఈ ఆనవాళ్లను ముందుగా మింగేది సిమెంటు. సున్నపు గచ్చు మెత్తనిది, గోడలోకి చేరిన తేమ దానిలోంచి ఆవిరైపోతుంది. సందుల్లో సిమెంటు కూరితే తేమకు దారి మూసుకుపోయి రాతిలోంచే, ఇటుకలోంచే బయటపడుతుంది. వెంట తెచ్చిన ఉప్పు పైపొర వెనక గడ్డకట్టి ఆ పొరను పెచ్చులుగా ఊడదీస్తుంది. సిమెంటు చెక్కుచెదరదు, రాయి గుల్లవుతుంది. సున్నమే వాడినా టెండరు గడువు కోసం మండుటెండలో పూసి, తడి గోనెలు కప్పకుండా వదిలేస్తే గాలి పట్టి గట్టిపడేలోపే ఎండిపోయి పొడిగా రాలుతుంది.

అందుకే మరమ్మతులూ పటంలో చేరాలి, ఎప్పుడు, దేనితో చేశారో రాయాలి. జపాన్‌లోని హిమేజీ కోట 2015లో మరమ్మతులు ముగించుకుని తెరుచుకున్నప్పుడు మరీ తెల్లగా ఉందని చూసినవాళ్లు విస్తుపోయారు. కొత్త సున్నపు పూత మొదట్లో అలాగే ఉంటుంది, బూజు పట్టి ఏళ్ల మీద నల్లబడుతుంది. 1992లో అగ్నిప్రమాదం జరిగిన ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో కొన్ని గదులను పాత పద్ధతిలోనే పునరుద్ధరించి, కాలిపోయిన ప్రార్థనా మందిరం చోట కొత్త నమూనాతో కట్టారు. రెండు పద్ధతులూ సరైనవే, చూసేవాడికి తెలియజేస్తే.

గైడ్ల పాఠం కూడా మారాలి. చుట్టుమెట్లు పైకెక్కేటప్పుడు గడియారం ముల్లు దిశలో తిరిగేది కోటను కాపాడేవాడి కుడిచేతి కత్తికి వీలుగా ఉండేందుకేనని చెబుతారు. ఎదురుదిశలో తిరిగే మెట్లున్న కోటలూ చాలానే ఉన్నాయి. గోల్కొండలో చప్పట్లు కొట్టించాక, బాలాహిస్సార్ దర్వాజా ముందు అడ్డుగోడ ఎందుకుందో, మట్టి గొట్టాల్లో నీళ్లు గుట్టపైకి ఎలా చేరేవో చూపించేవాళ్లు తక్కువ. ఏనుగులు పరుగున వచ్చి తలుపును గుద్దకుండా కట్టిన గోడ అది.

ఖర్చు సాకు చెల్లదు. సంరక్షణ పనులకు ముందు కొలతల నక్షాలు ఎలాగూ గీస్తారు, అవి బీరువాల్లో ఉంటాయి. రంగులు వేసి ముంగిట్లో పెట్టడమే మిగిలింది. పురావస్తు, పర్యాటక శాఖలు వచ్చే మరమ్మతు టెండర్లలోనే ఈ పటాన్ని ఒక పనిగా చేర్చి, అది పెట్టాకే చివరి బిల్లు చెల్లించాలని కోరుతున్నాం.

ఇట్లు,
కట్టడాల సంరక్షణ తెలిసిన కొందరు పాఠకులు