పగుళ్లిచ్చిన టైర్ల విషయంలో మా దుకాణం మార్చుకున్న పద్ధతి

చెన్నై మాధవరం రౌండానా దగ్గర మా టైర్ల దుకాణానికి వచ్చే లారీ యజమానులకు, డ్రైవర్లకు నమస్కారం. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) పగుళ్లిచ్చిన టైర్లను ముందు చక్రాలకు బిగించబోమని ఈ నెల మొదటి తేదీ నుంచి చెబుతున్నందుకు, నెల్లూరు, నాయుడుపేట వైపు నుంచి ఏళ్ల తరబడి వస్తున్నవారిలో ఇద్దరు ముగ్గురు నొచ్చుకుని వేరే చోటికి వెళ్లారు. "బటన్ (నేలను తాకే గాడుల రబ్బరు) ఇంకా సగానికి పైగా ఉంది గదా, కొత్తవి అమ్ముకోవడానికి కాకపోతే ఎందుకీ పట్టు?" అని ఒకాయన మొహం మీదే అడిగారు. టైర్లు అమ్మేవాడి మీద ఆ అనుమానం రావడం సహజమే కనుక, ఈ నిర్ణయం వెనక ఉన్న నా పొరపాటును కూడా దాచకుండా రాస్తున్నాను.

పోయిన మే నెలలో, ఫైనాన్సు గొడవ వల్ల రెడ్‌హిల్స్ పక్కన ఖాళీ స్థలంలో పదకొండు నెలలు ఎండలో నిలిచిపోయిన ఒక లారీ, మళ్లీ రోడ్డెక్కే ముందు మా దగ్గరకు వచ్చింది. గేజీ పెట్టి చూస్తే ముందు టైర్లలో బటన్ లోతు పది మిల్లీమీటర్లకు తగ్గలేదు. టైరు భుజం (బటన్ అంచు పక్క గోడను కలిసే చోటు) కింద సన్నటి గీతలు నా కంటపడ్డాయి కానీ, ఎండ దెబ్బేలే అనుకుని గాలి నింపి పంపించాను. తడ దాటి సూళ్లూరుపేట చేరకముందే ఎడమ టైరు పేలింది. లోడు లేని బండి కావడం, డ్రైవరు కంగారుపడి బ్రేకు తొక్కకపోవడం వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ టైరును తెప్పించి చూస్తే, పగులు వెంబడి లోపలి ఉక్కు తీగలకు తుప్పు పట్టి ఉంది. రబ్బరు వాటిని వదిలేసి, చేత్తో లాగగానే పొరలా ఊడివచ్చింది. సైడ్‌వాల్ మీది మట్టి తుడిచి తయారీ తేదీ అంకెలు చూస్తే అది తొమ్మిదేళ్ల నాటి టైరని తెలిసింది. ఆ అంకెలు ముందే చూసి ఉంటే అర నిమిషం పట్టేది. కొత్త టైరు ధర, చెడిన ట్రిప్పు బాడుగ నేనే ఇచ్చుకున్నాను.

రబ్బరు అణువుల్లోని జంట బంధాలను గాలిలోని ఓజోను తెంచుతుంది. పది కోట్ల వంతుల గాలిలో ఓజోను కొద్ది వంతులు ఉన్నా చాలు, రబ్బరు లాగుడు మీద ఉన్నచోట ఆ లాగుడుకు అడ్డంగా పగుళ్లు పుడతాయి. వీటిని అడ్డుకోవడానికే తయారీదారులు రబ్బరులో మైనాన్ని, ఓజోనును ఆపే రసాయనాలను కలుపుతారు. అయితే టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అవి బాగా పైకి ఊరి పొరగా నిలుస్తాయి కాబట్టి, రోజూ తిరిగే బండి కంటే నెలల తరబడి నిలిపిన బండి టైర్లే ముందు పగులుతాయి. ఇక వేడి సంగతి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం సుమారుగా రెట్టింపవుతుంది. చెన్నై ఎండకు తోడు గాలి తక్కువగా ఉన్న టైరు మరింత వంగి, మరింత కాగి, లోపలినుంచే గట్టిపడుతుంది. మెరుపు కోసం పెట్రోలియం నూనెలు పూయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే అవి ఆ రక్షణ పొరనే కరిగిస్తాయి. జనరేటరు, వెల్డింగు సెట్టు పక్కన టైర్లు పేర్చవద్దని చెప్పేది అక్కడ ఓజోను పుడుతుందని.

టైరు వయసు సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివరి నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి వైపుకు పోతాయి, అప్పుడు బండి కింద దూరక తప్పదు. బ్రిటన్‌లో 2012 సెప్టెంబరులో హైండ్‌హెడ్ దగ్గర ఒక బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. బటన్ ఉన్న ఆ టైరు వయసు పంతొమ్మిదేళ్లు దాటింది. పదేళ్లు దాటిన టైర్లను లారీల, బస్సుల ముందు ఇరుసుకు వాడకూడదన్న నిషేధం అక్కడ 2021 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది.

ఇకపై మేము పాటించేది ఇది. గోరుకు తగలని సన్నటి గీతలుంటే భయపెట్టము. పగులు లోతు 0.8 మిల్లీమీటర్లు దాటితే రిమ్ము నుంచి విప్పి లోపలి వైపు చూస్తాము, 1.6 దాటినా, తీగ కనిపించినా, పక్క ఉబ్బినా ఆ టైరుకు గాలి నింపము, రీట్రెడ్‌కు (అరిగిన టైరుకు కొత్త బటన్ వేయడానికి) కూడా తీసుకోము. తయారై అయిదేళ్లు దాటిన టైరును ఏడాదికొకసారి విప్పి చూపించమంటాము, పదేళ్లు నిండితే చూడటానికి ఎంత బాగున్నా మార్చమంటాము.

మా గోదాములో రెండేళ్ల కిందట తయారైన టైర్లు ఎనిమిది ఉన్నాయి. నీడలో ఉన్నవి కనుక అవి వాడదగినవే, కానీ ఇంతకాలం అలాంటివాటిని తేదీ చెప్పకుండా కొత్తవాటి ధరకే అమ్మాను. ఇకమీదట బిల్లు మీద వారం, సంవత్సరం రాసి, ధర తగ్గించి ఇస్తాను. ఈసారి వచ్చినప్పుడు వెనుక జోడులో లోపలి టైర్లతో పాటు స్టెప్నీని కూడా దించి చూపించండి; నేను చూసిన చాలా లారీల్లో అన్నిటికన్నా పాత టైరు అదే.